పుదుచ్చేరిని ఓడ మీద నుంచే చూసి వచ్చాం

గౌరవనీయులైన సంపాదకుల వారికి నమస్కారాలు.

ఈ మధ్య హైదరాబాద్‌లో ఏ పర్యాటక ఏజెంటు గుమ్మం ముందు చూసినా కాశీ, షిరిడీ, తిరుపతి బోర్డుల పక్కన తెల్లటి ఓడ బొమ్మ ఒకటి కొత్తగా వచ్చి చేరింది. మీ పత్రిక ఆదివారం సంచికలోనూ ఆ ప్రకటనలు తరచుగా కనిపిస్తున్నాయి. వాటిని చూసి డబ్బు కట్టి, గత ఏడాది జూలైలో విశాఖపట్నంలో ఓడ ఎక్కి, పుదుచ్చేరిలో ఒక పగలంతా గడిపి చెన్నైలో దిగవలసిన యాత్రకు బయలుదేరి, పుదుచ్చేరి నేల మీద కాలు పెట్టకుండానే చెన్నై చేరిన ఆరుగురి కుటుంబంలో నేనొకడిని. మమ్మల్ని అక్కడ దిగనివ్వకపోవడం సరైన పనేనని ఇప్పుడు నాకు పూర్తిగా తెలిసింది. అలా జరగవచ్చని టికెట్టు అమ్మేటప్పుడే చెప్పవలసిన వాళ్లు చెప్పకపోవడం గురించి, చెప్పి ఉంటే మేము ఎలా సిద్ధపడి ఉండేవాళ్లమో ఆ వివరాల గురించి, మా తర్వాత బయలుదేరబోయే వారి కోసం ఈ ఉత్తరం రాస్తున్నాను.

ఈ ప్రయాణం మా అక్కయ్య కోరిక మీద మొదలైంది. ఆమెకు డెబ్బై నాలుగేళ్లు. నలభై ఏళ్లుగా అరవిందుల రచనలు చదువుతున్నా పుదుచ్చేరి ఆశ్రమం చూసే యోగం పట్టలేదు. మా అబ్బాయి ఓడ సంగతి చెప్పగానే ఆవిడ, 'అరవిందులు కూడా 1910 ఏప్రిల్ 4న కలకత్తా నుంచి ఓడలోనే ఆ ఊరికి వచ్చారు, నేనూ ఓడలోనే వెళ్తాను' అని పట్టుబట్టింది. రైల్లో వెళ్తే సులువు కదా అని నేనన్న మాట ఎవరూ చెవిన పెట్టలేదు. ముప్పై నాలుగేళ్లు బ్యాంకులో పనిచేసి విరమించినవాడి సలహాకు ఇంట్లో ఉండే విలువ అంతే. ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గరి ఒక ఏజెంటు మాకు రంగుల కరపత్రం ఇచ్చాడు. దాని మీద సముద్రపు ఒడ్డున గాంధీ విగ్రహం బొమ్మ వేసి, 'మూడో రోజు: పుదుచ్చేరి నగర సందర్శన' అని పెద్ద అక్షరాల్లో అచ్చు వేశారు. అక్కయ్య దాన్ని నాలుగు మడతలు పెట్టి చేతిసంచిలో దాచుకుంది. అక్కడ ఓడ గట్టుకు ఆనుతుందా, లేక నడిసముద్రంలో ఆగితే చిన్న పడవల్లో ఒడ్డుకు వెళ్లాలా అని అడగాలన్న ఆలోచన మా ఆరుగురిలో ఒక్కరికీ రాలేదు. ఎలా వస్తుంది? హుస్సేన్‌సాగర్‌లో బుద్ధ విగ్రహం దాకా లాంచీలో వెళ్లి రావడమే మాకున్న జలయాత్ర అనుభవం.

విశాఖలో 2023 సెప్టెంబరులో ప్రారంభమైన క్రూయిజ్ టెర్మినల్‌లో సామాను తనిఖీ, పత్రాల పరిశీలన సాఫీగానే జరిగాయి. ఓడ కదలకముందు ప్రయాణికులందరినీ అత్యవసర విన్యాసానికి పిలిచి, లైఫ్ జాకెట్టు ఎలా తొడుక్కోవాలో, ఏడు పొట్టి కూతలు వేసి ఆపైన ఒక పొడవాటి కూత వినిపిస్తే ఎక్కడ చేరాలో చూపించారు. మా చుట్టూ ఉన్నవారిలో సగం మంది ఆ సమయమంతా ఫొటోలు దిగుతూనే ఉన్నారు. 2012 జనవరి 13న ఇటలీ తీరంలో కోస్టా కాంకోర్డియా అనే ఓడ రాతికి తగిలి ఒరిగిపోయి 32 మంది చనిపోయినప్పుడు, ఆ రోజే ఎక్కిన వందల మందికి ఈ విన్యాసం ఇంకా జరగనే లేదు. బయలుదేరిన 24 గంటల్లోగా జరిపితే చాలన్నది అప్పటి నిబంధన. ఓడ కదలడానికి ముందే గానీ కదిలిన వెంటనే గానీ జరపాలని ఆ తర్వాతే మార్చారు. ఆ పావుగంట ఫోను జేబులో పెట్టుకోవడానికి మనవాళ్లకు ఏమి కష్టమో నాకు అర్థం కాలేదు.

డాల్ఫిన్స్ నోస్ కొండ వెనక్కి తగ్గి, దాని మీది దీపస్తంభం చుక్కగా మారేదాకా అందరమూ డెక్కు మీదే ఉన్నాం. రాత్రి భోజనాల వేళకు కుదుపు మొదలైంది. ముందుగా తెలిసింది బట్టల బీరువాలోని హ్యాంగర్ల వల్ల. అవి ఒకదానికొకటి తగులుకుంటూ, ఎవరో లోపల నుంచి తలుపు కొడుతున్నట్టు టకటకమంటూ రాత్రంతా మోగాయి. చివరికి మా ఆవిడ లేచి వాటి మధ్య తువాలు కుక్కి నోరు మూయించింది. మంచం పక్కన పెట్టిన స్టీలు గ్లాసులో నీళ్లు ఒక అంచు దాకా ఎక్కి, ఒక్క క్షణం అక్కడే నిలిచి, మళ్లీ రెండో అంచుకు దిగడం నేను చాలాసేపు చూస్తూ పడుకున్నాను. గ్లాసు కదలడం లేదు, నీళ్లు మాత్రం ఒరుగుతున్నాయి అని కళ్లు చెబుతుంటే, కదులుతున్నది గదేనని లోచెవి చెబుతోంది. వైద్యులు చెప్పేది ఇదే. నిలకడను కనిపెట్టే లోచెవి చెప్పే మాటకూ, గది గోడలను మాత్రమే చూస్తున్న కళ్లు చెప్పే మాటకూ పొత్తు కుదరక మెదడు తికమకపడి కడుపులో తిప్పడం మొదలవుతుంది. దిగంతం కనిపించే చోట నిలబడి దూరంగా చూపు నిలిపితే కళ్లూ చెవీ ఒకే మాట చెబుతాయి కనుక కొంత తెరిపి దొరుకుతుంది. కేబిన్‌లో పడుకుని ఫోను చూడటం అన్నిటికంటే చెడ్డది. మా మనవడు అదే చేసి అర్ధరాత్రి మంచం పాడుచేశాడు.

తెల్లారి నడవాలోకి వస్తే మెట్ల కటకటాల పొడవునా వాంతి సంచులు గుత్తులు గుత్తులుగా గుచ్చి ఉన్నాయి. ఈత కొలనులో నీళ్లు తీసేసి పైన వల కట్టారు. సిబ్బంది తమ పాటికి తాము పళ్లేలు మోస్తూ తిరుగుతున్నారు, వాళ్లకు ఇది మామూలు. మాకైతే ఆ రోజంతా మజ్జిగన్నం, అక్కయ్య ఇంటి నుంచి తెచ్చిన ఉప్పు నిమ్మకాయ తప్ప ఇంకేదీ లోపలికి పోలేదు. రుసుములో కలిపే ఉన్నాయని కరపత్రం ఊరించిన ఇరవై రకాల వంటకాల వైపు ఎవరూ కన్నెత్తి చూడలేదు.

ఇక్కడ మా తెలివితక్కువతనాలు రెండు చెప్పాలి. మొదటిది కేబిన్ ఎంపిక. ఓడ ముందు భాగంలో, పై అంతస్తులో, బాల్కనీ ఉన్న గదులైతే బాగుంటాయని ఏజెంటు చెబితే మనిషికి కొన్ని వేలు ఎక్కువ కట్టి తీసుకున్నాం. తూగుడుబల్ల మీద చివర కూర్చున్న పిల్లవాడు ఎక్కువ ఎత్తుకు లేస్తాడు, నడుమ కూర్చున్నవాడు కదలడు. ఓడ కూడా అంతే. నడిమి భాగంలో, నీటి మట్టానికి దగ్గరగా కింది అంతస్తులో ఉండే గదికి ఊగడం తక్కువ. అలాంటి గదులు తరచుగా చవక కూడా. మేము డబ్బు ఎక్కువ పెట్టి ఊగడం కొనుక్కున్నామన్నమాట. ఓడ అడుగున రెండు పక్కలా చేప రెక్కల వంటివి ఉండి పక్కలకు దొర్లడాన్ని బాగా తగ్గిస్తాయి కానీ, ముందు భాగం లేచి పడే ఊపును అవి పెద్దగా ఆపలేవు. పైగా ఓడ వేగంగా పోతున్నప్పుడే వాటికి బలం. లంగరు వేసి నిలబడినప్పుడు అంతంత మాత్రమే. నడుస్తున్నప్పటి కంటే నిలబడ్డాకే ఎక్కువ దొర్లిందేమిటని మూడో రోజు పొద్దున అందరూ ఆశ్చర్యపోవడానికి కారణం ఇదే అయి ఉంటుంది.

రెండోది మందు. ఘాటు రోడ్లలో బస్సు ప్రయాణానికి మనవాళ్లు వాడే అవోమిన్ మాత్రలు మా దగ్గర పట్టీ నిండా ఉన్నాయి. వాంతి మొదలయ్యాక వేసుకున్నాం, అవి కూడా బయటికే వచ్చాయి. అటువంటి మాత్రలు కడుపు తిప్పడానికి ముందే వేసుకోవాలి, ముందు రాత్రే మొదలుపెడితే మరీ మంచిదని ఓడలోని డాక్టరు చెప్పాడు, ఆ మాటకు విడిగా రుసుము కూడా తీసుకున్నాడు. అయితే నా వయసు మగవారికి ఒక హెచ్చరిక. ప్రోస్టేటు వాపు ఉన్నవారిలో ఈ రకం మందులు మూత్రం బిగబట్టేలా చేయవచ్చు, గ్లాకోమా అనే కంటి జబ్బులో కొన్ని రకాలు ఉన్నవారికీ మంచివి కావు, అందరికీ మత్తు తెస్తాయి. కాబట్టి బయలుదేరే ముందే మీ డాక్టరును అడిగి తెలుసుకోవాలి. మధుమేహానికి మాత్రలు గానీ ఇన్సులిన్ గానీ తీసుకునేవారు తిండి లోపల నిలవని రోజున మోతాదు ఏం చేయాలో కూడా అప్పుడే రాయించుకుని వెళ్లడం అవసరం. మా ఆవిడకు ఆ మధ్యాహ్నం చక్కెర పడిపోయి చేతులు వణికాయి, అదృష్టవశాత్తు మనవడి దగ్గర చాక్లెట్లు ఉన్నాయి. ఇక వాంతుల కంటే ప్రమాదకరమైనవి తలుపులు. డెక్కు మీదికి తెరుచుకునే ఇనుప తలుపును గాలి ఒక్కసారిగా విసిరికొడుతుంది. అక్కయ్య చూపుడువేలు చివర నలిగి గోరు నల్లబడింది. ఎముక విరగలేదు, అంతవరకు నయం.

మూడో రోజు పొద్దున లేచేసరికి ఓడ లంగరు వేసి ఉంది, ఎదురుగా పుదుచ్చేరి. ఎండ పచ్చగా కాస్తోంది, వాన లేదు, పెద్ద గాలి కూడా లేదు. ఒడ్డున తెల్లటి భవనాల వరుస కళ్లజోడు లేకుండానే కనిపిస్తోంది. అక్కయ్య తలస్నానం చేసి, తెల్లచీర కట్టుకుని, కరపత్రం ఉన్న సంచి భుజాన వేసుకుని ఆరున్నరకే సిద్ధమైంది. ఎనిమిది గంటలకు మైకులో ఇంగ్లీషులో ఒకసారి, హిందీలో ఒకసారి ఏదో చెప్పారు. కింద రిసెప్షన్ దగ్గర కేకలు మొదలయ్యాకే మాకు విషయం తెలిసింది. సముద్రం అనుకూలంగా లేనందున పడవల్లోకి దించడం రద్దు, ఓడ సాయంత్రం నేరుగా చెన్నైకి బయలుదేరుతుంది.

'గాలి లేదు, వాన లేదు, ఎందుకు ఆపిండ్రు? మా పైసలు మాకు ఇయ్యిండ్రి' అని మన హైదరాబాద్ వాళ్లే ఒక గుంపు బల్ల గుద్దుతున్నారు. బల్ల వెనక ఉన్న అమ్మాయికి ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. ఆమె చేతిలో లేని విషయానికి ఆమెను అన్ని మాటలు అనడం చూసి నాకు సిగ్గనిపించింది. నేను కూడా కోపంగానే ఉన్నాను, ఆ మాట దాచను. ఆ గొడవలో అక్కయ్య ఒక పక్కన సోఫా మీద కూర్చుని ఉంటే, సోంపేట వైపు నుంచి వచ్చి ఓడలో పనిచేస్తున్న కుర్రవాడొకడు ఆమె తెలుగు విని ఆగాడు. 'అమ్మా, మీరు నా కూడా రండి, సూపిత్తాను' అని మమ్మల్ని కింది అంతస్తులో కటకటాల దగ్గరికి తీసుకుపోయాడు.

ఓడ పక్కన తెరిచిన తలుపు, దాని ముందు చిన్న వేదిక, ఆ వేదికను ఆనుకుని పరీక్ష కోసం తెచ్చిన ఖాళీ పడవ. నున్నటి పొడవాటి కెరటం ఒకటి నురగ లేకుండా, చప్పుడు లేకుండా వచ్చింది. పడవ అంచు వేదికకు సమానంగా లేచింది. రెండు అంకెలు లెక్కపెట్టేలోగా అదే పడవ మనిషి నిలువు లోతుకు దిగిపోయింది. తాడు పట్టుకున్న నావికుడు ఒక్కో ఎగుడుకూ తాడు బిగిస్తూ వదులుతూ ఉన్నాడు. మరో కెరటానికి పడవ పక్కకు జరిగి ఓడ గోడను తాకింది. మధ్యలో వేలాడదీసిన రబ్బరు దిమ్మె నలిగి చేసిన చప్పుడు మాకు పైదాకా వినిపించింది. 'మీరు కాలెట్టీసరికి పడవ కిందికెల్లిపోద్దమ్మా, మల్లీ పైకొచ్చినప్పుడు కాలు మద్దిన పడితే ఇంకేటి మిగుల్తాది' అన్నాడు ఆ కుర్రవాడు. అక్కయ్య నలిగిన వేలు వైపు చూసుకుని, 'సరే నాయనా, నువ్వు చెప్పావు కాబట్టి నమ్ముతున్నాను' అంది. మైకులో వచ్చిన పెద్ద ప్రకటన చేయలేని పనిని ఆ రెండు వాక్యాలు చేశాయి.

గాలి లేకుండా కెరటం ఎందుకు వస్తుందో తర్వాత చదివి తెలుసుకున్నాను. ఎక్కడో వందల, ఒక్కోసారి వేల కిలోమీటర్ల అవతల వీచిన గాలికి పుట్టిన అలలు ఆ గాలి ఆగిపోయినా సాగిపోయే స్వభావం కలవి. దక్షిణ హిందూ మహాసముద్రపు తుపానులకు లేచిన అలలు కొన్ని రోజులు ప్రయాణించి, నిర్మలమైన ఎండ పూట కేరళ ఒడ్డుల మీద విరుచుకుపడుతుంటాయి. వాటిని అక్కడివారు కల్లక్కడల్, అంటే దొంగ సముద్రం అంటారు. ఇంకొక సంగతి. సూచనల్లో 'అల ఎత్తు 2 మీటర్లు' అని ఉంటే ప్రతి అలా 2 మీటర్లే అని కాదు. వచ్చే అలల్లో పెద్దవైన మూడో వంతు అలల సగటు అది. అప్పుడప్పుడు దానికి రెట్టింపు దాకా లేచేది ఒకటి వస్తుంది. పడవలోకి దాటవలసిన మూడు వందల మందిలో ఆ అల ఎవరి వంతుకు వస్తుందో ఎవరు చెప్పగలరు?

సముద్రంలో ప్రాణరక్షణకు సంబంధించిన అంతర్జాతీయ ఒప్పందం, టైటానిక్ మునిగిన రెండేళ్లకు 1914లో మొదలై ఇప్పుడు 1974 నాటి రూపంలో అమలులో ఉన్నది, ఈ విషయంలో స్పష్టంగా ఉంది. ప్రాణ భద్రత కోసం కెప్టెన్ తీసుకునే నిర్ణయానికి ఓడ యజమాని గానీ, ఓడను అద్దెకు తీసుకున్న సంస్థ గానీ, ఇంకెవరైనా గానీ అడ్డు రాకూడదు. టికెట్టు కొన్న మనకూ ఆ మాట వర్తిస్తుంది. మన తెలుగువారికి ఇది ఇంకొకరు చెప్పనక్కర్లేదు. 2019 సెప్టెంబరు 15న గోదావరి వరద మీద ఉండగా పాపికొండల యాత్రకు బయలుదేరిన పడవ కచ్చులూరు దగ్గర మునిగిపోయింది. ఆదివారం సరదాగా వెళ్లినవారు, అందులో మన హైదరాబాద్, వరంగల్ వాళ్లు, తిరిగి రాలేదు. ఆ పొద్దున ఎవరైనా 'ఈ రోజు పడవ కదలదు' అని ఉంటే, రేవులో ఎంత గొడవ జరిగి ఉండేదో ఊహించుకోగలను. ఆ గొడవ జరిగి ఉంటే ఎంత బాగుండేదో అని కూడా.

కెప్టెన్ మీద నాకు ఫిర్యాదు లేదన్నాను. ఏజెంటు మీద ఉంది. హైదరాబాద్ తిరిగి వచ్చాక ఆ దుకాణానికి వెళ్లి అడిగితే, 'షరతుల్లో ఉంది కదా సార్' అని ఫోనులో ఒక దస్త్రం తెరిచి చూపించాడు. నిజంగానే ఉంది. ఇంగ్లీషులో, చీమ తలకాయంత అక్షరాల్లో, ఇరవై పేజీల పత్రం చివరి భాగంలో. సంస్థ తన ఇష్టానుసారం రేవును మార్చవచ్చు, వదిలేయవచ్చు, అందుకు ఆ రేవు రుసుము మినహా ఏ పరిహారమూ ఉండదు. ఆ పత్రం డబ్బు కట్టాక మా అబ్బాయి మెయిలుకు వచ్చింది, ఎవరమూ తెరవలేదు. తెరవకపోవడం మా తప్పే. అయితే అమ్మేటప్పుడు గాంధీ విగ్రహం బొమ్మ పెద్దదిగా వేసి, ఈ ఒక్క వాక్యాన్ని మాత్రం దాచిపెట్టడం ఎవరి తప్పు? పుదుచ్చేరిలో పెద్ద ఓడలు ఆనే లోతైన రేవు లేదన్నది కొత్త విషయం కాదు. అరవిందులు దిగిన రోజుల్లోనూ ఓడలు ఒడ్డుకు దూరంగానే లంగరు వేసేవి. వాతావరణం ఒక్కటే కారణం కానక్కర్లేదు కూడా. 2022 జూన్‌లో ఇదే దారిలో వచ్చిన పర్యాటక ఓడను, అందులోని జూదశాల మీద అభ్యంతరాలు రావడంతో, పుదుచ్చేరి ప్రభుత్వం రానివ్వలేదు. ఇవన్నీ టికెట్లు అమ్మేవారికి తెలియవంటే నమ్మడం కష్టం.

నేను కోరేది పెద్దదేమీ కాదు. డబ్బు కట్టించుకునే ముందు ఒక్క పేజీ, తెలుగులో, మామూలు అక్షరాల్లో ఇవ్వాలి. ఏ రేవులో ఓడ గట్టుకు ఆనుతుందో, ఏ రేవులో పడవెక్కాలో, ఆ నెలలో అక్కడి సముద్రం సాధారణంగా ఎలా ఉంటుందో, దింపకపోతే ఎంత తిరిగి వస్తుందో, ఎన్నాళ్లలో వస్తుందో అందులో ఉండాలి. నైరుతి రుతుపవనాల నెలల్లో అరేబియా సముద్రం మరీ ఉగ్రంగా ఉంటుంది కనుక ఓడను తూర్పు తీరానికి తెస్తారు. ఇటు కూడా ఆ నెలలు అంత ప్రశాంతమైనవి కావు, అక్టోబరు నుంచి డిసెంబరు దాకా తుపానుల భయం సరే సరి. ఫిబ్రవరి, మార్చి నెలల్లో బంగాళాఖాతం చాలావరకు శాంతంగా ఉంటుంది. ఈ మాత్రం చెబితే మోకాళ్ల నొప్పులున్న డెబ్బై నాలుగేళ్ల మనిషిని జూలైలో తీసుకువెళ్లాలా వద్దా అని మేమే తేల్చుకునేవాళ్లం. 2019 నాటి వినియోగదారుల రక్షణ చట్టం 'అన్యాయమైన ఒప్పందం' అన్న మాటను నిర్వచించి, అటువంటి ఒప్పందాల మీద రాష్ట్ర వినియోగదారుల కమిషన్‌కు వెళ్లే దారి చూపింది. ఫిర్యాదు చేసేవారు తాము నివసించే ఊళ్లోనే చేయవచ్చు, ఓడ కంపెనీ ముంబయిలో ఉన్నా మనం అక్కడిదాకా పోనక్కర్లేదు. జాతీయ వినియోగదారుల సహాయ కేంద్రం వారి 1915 నంబరుకు ఫోను చేస్తే ముందు సలహా అయినా దొరుకుతుంది. సముద్రం బాగోలేదన్న కారణానికి ఏ కమిషనూ డబ్బంతా ఇప్పించదని నా అభిప్రాయం, ఇప్పించాలని కూడా నేను అనను. చెప్పకుండా అమ్మడం మాత్రం వేరే సంగతి.

ఓడలోని ప్రకటనల గురించి కూడా ఒక మాట. విశాఖలో ఎక్కిన ఓడలో ప్రయాణికుల్లో అధిక భాగం తెలుగువాళ్లమే. రైలు ఎన్ని నిమిషాలు ఆలస్యమో కూడా స్టేషన్లో తెలుగులో చెప్పించుకుంటున్నాం. ప్రాణాలకు సంబంధించిన మాటను తెలుగులో చెప్పడానికి ఒక మనిషిని నియమించడం అంత ఖర్చుతో కూడిన పనేమీ కాదు. ఆ సోంపేట కుర్రవాడికే మైకు ఇచ్చి ఉంటే కింద బల్ల గుద్దే పని సగం తగ్గేది.

చెన్నైలో దిగాక మా కథ కొంత మలుపు తిరిగింది. తిరుగు విమానం టికెట్లు అదే సాయంత్రానికి తీసుకుని ఉంటే అక్కయ్య కోరిక అక్కడితో ముగిసేది. మా కోడలి ముందుచూపు వల్ల రెండు రోజులు వదిలి తీసుకున్నాం. 2023 డిసెంబరు 4న మిచౌంగ్ తుపాను వానలకు చెన్నై విమానాశ్రయమే మూతపడిన సంగతి ఆమెకు గుర్తుంది. మరునాడు కారు మాట్లాడుకుని, సముద్రపు ఒడ్డు వెంట నూట యాభై కిలోమీటర్ల దారిలో పుదుచ్చేరి వెళ్లాం. ఆశ్రమంలో పూలతో కప్పిన సమాధి దగ్గర అక్కయ్య గంటన్నర కూర్చుంది. బయటికి వచ్చాక సముద్రం వైపు చూసి, 'మొన్న మనం అదిగో అక్కడ నిలబడ్డాం' అని మనవడికి చూపించింది. ఈ అదనపు ఖర్చుకు ప్రయాణ బీమా ఉపయోగపడలేదు. మేము తీసుకున్న పాలసీలో రేవు తప్పిపోవడం అన్న అంశమే లేదు. తీసుకునేవారు ఆ ముక్క ఉందో లేదో చూసుకోవాలి.

చివరగా మీ పత్రికకు ఒక విన్నపం. సముద్రం లేని మన నగరంలోనే, ప్రగతినగర్‌లో, భారత జాతీయ మహాసముద్ర సమాచార కేంద్రం 1999 నుంచి పనిచేస్తోంది. ఇన్‌కాయిస్ అని అందరూ పిలిచే ఆ సంస్థలోనే 2004 నాటి సునామీ తర్వాత 2007లో సునామీ ముందస్తు హెచ్చరికల కేంద్రం ఏర్పడింది. ఏ తీరంలో అల ఎంత ఎత్తు లేస్తుందో, దూరపు కెరటాలు ఎప్పుడు తాకుతాయో వాళ్లు ముందుగానే సూచనలు ఇస్తారు. జాలరులు వాటిని చూసుకుని వేటకు వెళ్తారు. వేల రూపాయలు పోసి ఓడ ఎక్కే నగరవాసికి ఆ సూచన మన ఇంటికి కొన్ని కిలోమీటర్ల దూరంలోనే తయారవుతోందని తెలియదు. తుపాను వచ్చినప్పుడు ఏ రేవులో ఎన్నో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారో మీరు మొదటి పేజీలో వేస్తారు. ఒకటి నుంచి పదకొండు దాకా ఉన్న ఆ నంబర్ల అర్థమేమిటో వివరించేది మాత్రం అరుదు. మూడో నంబరు స్థానిక జాగ్రత్త హెచ్చరిక అనీ, ఎనిమిది నుంచి పది దాకా అతి ప్రమాదమనీ ఒక మూల అచ్చు వేయడానికి రెండు అంగుళాల చోటు చాలు. హైదరాబాద్ ఉష్ణోగ్రతలు వేసే పెట్టెలోనే విశాఖ, మచిలీపట్నం, చెన్నై తీరాల్లో మర్నాటి అలల ఎత్తు కూడా రోజూ వేయగలరా?

అక్కయ్య వేలి గోరు కొత్తది వచ్చింది. కడుపు తిప్పిన సంగతి మరిచిపోయింది కాబోలు, ఈసారి శ్రీలంక వెళ్లే ఓడ ఎక్కుదామంటోంది. పోయిన వారం నన్ను వెంటబెట్టుకుని అదే ఏజెంటు దుకాణానికి వెళ్లి, కరపత్రం చేతికి ఇవ్వకముందే, 'బాబూ, అక్కడ ఓడ గట్టుకు ఆనుతుందా, పడవెక్కాలా?' అని అడిగింది. అతను కాసేపు కంప్యూటరు వైపు, కాసేపు మా వైపు చూసి, 'కనుక్కుని ఫోన్ చేస్తానమ్మా' అన్నాడు. ఈ ఉత్తరం పోస్టు చేసేనాటికి ఆ ఫోను ఇంకా రాలేదు.

ఇట్లు,
విశ్రాంత బ్యాంకు ఉద్యోగి,
నల్లకుంట, హైదరాబాద్